ఇక్కడ చదివిన పిల్లలను ‘మీ నాన్నది ఏ ఊరు?’ అని పక్కన పెట్టకండి

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లోని కంపెనీల హెచ్‌ఆర్ అధికారులకు, ఆ కంపెనీలకు మనుషుల్ని పెట్టే లేబర్ కాంట్రాక్టర్లకు నమస్కారం.

నేను తిరుపతిలో ఒక ఐటీఐలో ఫిట్టర్ ట్రేడ్ చెబుతాను. మీలో చాలామందికి నా ముఖం తెలుసు. ఉద్యోగాలకు ఎంపిక చేసే డ్రైవ్‌కు మీరు వచ్చిన రోజు పిల్లల సర్టిఫికెట్లు సర్ది, వరసలో కూర్చోబెట్టి, మీరు వెళ్ళేదాకా వరండాలో నిలబడేది మాలాంటి వాళ్ళమే. ఇప్పుడు రాస్తున్నది మీలో కొందరితో విడిగా మాట్లాడిన సంగతే. ‘పాలసీ సార్, పైనుంచి వచ్చింది, మా చేతుల్లో ఏముంది’ అని ఒక్కొక్కరు ఒక్కో రకంగా దాటేశారు. అందుకే అందరికీ కలిపి రాస్తున్నాను.

వలస వచ్చినవాళ్ళ పిల్లల గురించి ఈ లేఖ. ఒడిశా నుంచి ఇటుక బట్టీలకు, బీహార్, జార్ఖండ్ నుంచి ఫ్యాక్టరీ పనులకు, బెంగాల్ నుంచి బంగారు పనికి, నేపాల్ నుంచి వాచ్‌మెన్ పనికీ హోటళ్ళకీ వచ్చినవాళ్ళలో కొందరు తిరిగి పోలేదు. ఇక్కడే అద్దె ఇళ్ళు తీసుకున్నారు, ఇక్కడే పిల్లల్ని కన్నారు, మున్సిపల్ స్కూళ్ళలో చేర్చారు. ఆ పిల్లలకు ఇప్పుడు ఉద్యోగం వయసు వచ్చింది. పదో తరగతి మార్కుల మెమో ఉంది, ఇంటర్ ఉంది, కొందరికి మా దగ్గర రెండేళ్ళు చదివిన ట్రేడ్ సర్టిఫికెట్ కూడా ఉంది. మీ గేటు దగ్గరికి వచ్చేసరికి మాత్రం వాళ్ళు మళ్ళీ నాన్న పుట్టిన ఊరి వాళ్ళయిపోతున్నారు.

మా దగ్గర చదివిన ఒక అబ్బాయి సంగతి చెబుతాను. పేరు రాయను, వాడికి ఇంకా ఉద్యోగం కావాలి. నాన్న ఒడిశాలోని బొలంగీర్ నుంచి ఇటుక బట్టీకి వచ్చి, తర్వాత తిరుపతిలో సెంట్రింగ్ పనిలో స్థిరపడ్డాడు. అబ్బాయి పుట్టింది ఇక్కడి ప్రసూతి ఆసుపత్రిలో, పెరిగింది జీవకోనలో, పది దాకా తెలుగు మీడియంలో చదివాడు. ఫైలింగ్‌లో, అంటే ఆకురాయితో ఇనుమును అరగదీసే పనిలో, వాడి చెయ్యి నాకు బాగా గుర్తు. ఒక ముక్క ఇంకోదాంట్లో సరిగ్గా ఇమిడేలా చేసే మేల్-ఫీమేల్ ఫిట్టింగ్ ఇచ్చినప్పుడు మిగతావాళ్ళు కొలతకు వచ్చాక ఆపేస్తారు. వీడు రెండు ముక్కల్నీ జోడించి కిటికీకి ఎదురుగా పట్టుకుని సందులో వెలుతురు కనిపిస్తోందా అని చూస్తాడు. కనిపిస్తే మళ్ళీ వైస్‌లో బిగించి, ఆ ఒక్క మూల మీద సన్న ఫైల్‌తో రెండు దెబ్బలు తీసి, సుద్ద రాసి మళ్ళీ చూస్తాడు. ఇది నేర్పితే వచ్చేది కాదు. ఈ ఓపిక ఉన్న పిల్లలు బ్యాచ్‌కు ఇద్దరో ముగ్గురో ఉంటారు.

ఒక కంపెనీ డ్రైవ్‌లో వాడి ఫారం చూసిన అధికారి మొదట చదివింది తండ్రి స్వస్థలం అన్న గడి. వెంటనే హిందీలోకి మారిపోయారు. వాడికి హిందీ స్కూల్లో పాసయ్యేంతే వచ్చు. ‘సార్, తెలుగులో అడగండి, చెప్తా’ అన్నాడు. ‘మరి ఒడిశా అని రాశావు?’ అన్నారాయన. ‘అది మా నాయన ఊరు సార్, నేను ఈడనే పుట్టినా’ అన్నాడు. ఆయన నవ్వి, ఫారం పక్కన ఉన్న రెండో కట్టలో పెట్టారు. మొదటి కట్ట కంపెనీ ట్రైనీలది. రెండోది కాంట్రాక్టర్ ద్వారా తీసుకునేవాళ్ళది. ప్రాక్టికల్ పరీక్ష లేదు, వెర్నియర్ చేతికిచ్చి కొలత చదవమన్నది లేదు, మార్కులు అడిగింది లేదు. వాడికంటే చాలా తక్కువ పనితనం ఉన్న ఇద్దరు మొదటి కట్టలో ఉన్నారు. వాళ్ళూ నా పిల్లలే, వాళ్ళకు వచ్చినందుకు నాకు సంతోషమే. కానీ ఆ రోజు జరిగిన ఎంపిక పనిని చూసి జరిగింది కాదు.

మీ వైపు నుంచీ ఆలోచించాను. మీ దగ్గర రెండు లెక్కలున్నాయి. ఒకటి లోకల్ లెక్క. 2019లో రాష్ట్రం పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలని చట్టం చేసింది. దాన్ని హైకోర్టులో సవాలు చేశారు, ఆ గొడవ వేరు. చట్టం సంగతి ఎలా ఉన్నా, భూములిచ్చిన కుటుంబాలు అడుగుతాయి, చుట్టుపక్కల నాయకులు ఫోన్లు చేస్తారు, కాబట్టి లోకల్ వాళ్ళను కొంతమందినైనా చూపించాలి. రెండోది బయటివాళ్ళ లెక్క. వాళ్ళు కంపెనీ ఇచ్చిన గదుల్లో పదిమంది సర్దుకుంటారు, ఏ షిఫ్టు వేసినా వస్తారు, సెలవు అడగరు, ఆర్డర్లు తగ్గితే రైలెక్కి వెళ్ళిపోతారు. ఇది మీరెవరూ కాగితం మీద రాయరు గానీ, కాంట్రాక్టర్లు నా ముందే మాట్లాడుకోగా విన్నాను.

ఇక్కడ పుట్టిన వలస కుటుంబాల పిల్లలు ఈ రెండు లెక్కల్లోనూ పట్టరు. లోకల్ లెక్కలో చేర్చుకోవడానికి నాన్న ఊరు అడ్డం. బయటివాళ్ళ లెక్కలో ఇమడడానికి వాళ్ళ బతుకు అడ్డం. వాళ్ళకు ఇక్కడ ఇల్లుంది, షుగర్ మాత్రలు వేసుకునే తల్లి ఉంది, స్కూలుకు పోయే చెల్లెలుంది. గంగమ్మ జాతర వారంలో వాళ్ళకీ సెలవు కావాలి, వేషాలు కట్టే వీధిలోనే పెరిగారు మరి. ఉద్యోగం ఇచ్చేటప్పుడు బయటివాళ్ళు అంటున్నారు, సెలవు అడిగితే ‘ఈ లోకల్ వాళ్ళతో ఇదే తలనొప్పి’ అంటున్నారు. రెండు మాటలూ ఒకే పిల్లాడి మీద ఒకే ఏడాదిలో విన్నాను. వింటుంటే కడుపు మండింది.

అసలు మన రాష్ట్రంలో స్థానికతను ఎలా లెక్కగడతారో మీకు నాకంటే బాగా తెలుసు. రాజ్యాంగంలోని 371-డి అధికరణం కింద 1975లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం, ప్రభుత్వ ఉద్యోగానికి ఎవరు స్థానికులన్నది ముందుగా చదువును బట్టే తేల్చారు. పదో తరగతి పరీక్ష రాసిన ఏడాదితో ముగిసేలా వరసగా నాలుగేళ్ళు ఆ ప్రాంతంలో చదివి ఉంటే లోకల్. అందుకే డీఎస్సీకి, గ్రూప్స్‌కి అప్లై చేసే ప్రతి పిల్లా, పిల్లాడూ నాలుగు నుంచి పది దాకా స్టడీ సర్టిఫికెట్ల కోసం స్కూళ్ళ చుట్టూ తిరుగుతారు. తాత ఏ ఊరివాడని ఆ కాగితంలో ఎవరూ అడగరు. ఆ లెక్కన నేను చెప్పిన అబ్బాయి నూటికి నూరు పాళ్ళు లోకల్. బెంగళూరులో చదివి వచ్చిన మన చిత్తూరు పిల్లాడికి నాన్‌లోకల్ అయ్యే ప్రమాదం ఉందేమో గానీ, వీడికి లేదు. రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణ నుంచి తరలి వచ్చిన కుటుంబాలకు కూడా ప్రత్యేకంగా గడువు పెట్టి, వాళ్ళ పిల్లలను ఇక్కడ స్థానికులుగా గుర్తించారు. ప్రభుత్వమే చదువును, ఉండడాన్ని చూసి స్థానికత ఇస్తుంటే, ప్రైవేటు కంపెనీ తండ్రి ఊరు చూసి తీసేయడం ఏ నియమం ప్రకారం?

ఊరి చరిత్రకు వస్తే, ఈ నేల మీద నిలబడి బయటివాళ్ళు అనడం ఇంకా కష్టం. శ్రీసిటీ పారిశ్రామికవాడ ఉన్న సత్యవేడు వైపు పల్లెలు చాలావరకు 1960 ఏప్రిల్ 1 దాకా మద్రాసు రాష్ట్రంలోవి. సరిహద్దు సర్దుబాటులో తిరుత్తణి అటు పోయింది, సత్యవేడు ఇటు వచ్చింది. ఆ రోజు నిద్ర లేచేసరికి రాష్ట్రం మారిపోయిన వాళ్ళ మనవళ్ళు ఇవాళ మీ లోకల్ లిస్టులో మొదట ఉంటారు. ఉండాలి కూడా. తిరుమల కొండ మీది పాలన 1843 నుంచి 1933లో దేవస్థానం ఏర్పడేదాకా తొంభై ఏళ్ళు ఉత్తరాది నుంచి వచ్చిన హాథీరాంజీ మఠం మహంతుల చేతిలో ఉంది. నగరి, పుత్తూరు వైపు ఇప్పటికీ ఇంట్లో తమిళం, బజారులో తెలుగు మాట్లాడే కుటుంబాలు ఎన్నో. మన ప్రాంతం ఇలాగే తయారైంది.

ఈ తీరు మన దగ్గరే ఉందని కూడా నేను అనడం లేదు. కెనడాలోని టొరంటోలో ఒక ఆర్థికశాస్త్రవేత్త వేల సంఖ్యలో దరఖాస్తులు తయారుచేసి కంపెనీలకు పంపి చూశారు. చదువు, అనుభవం రెండూ కెనడావే, పేర్లు మాత్రం వేరు. ఇంగ్లిష్ పేరున్న వాటికి, భారతీయ, పాకిస్తానీ, చైనీస్ పేర్లున్న వాటికంటే దాదాపు 40 శాతం ఎక్కువగా ఇంటర్వ్యూ పిలుపులు వచ్చాయి. 2011లో అచ్చయిన అధ్యయనం ఇది. మన దేశంలోనూ 2007లో అచ్చయిన ఒక అధ్యయనం కోసం సుఖదేవ్ థొరాట్, పాల్ అటెవెల్ అనే పరిశోధకులు ఇదే పద్ధతిలో ప్రైవేటు కంపెనీల ప్రకటనలకు దరఖాస్తులు పంపారు. ఒకే అర్హత ఉన్నా దళిత పేర్లకు, ముస్లిం పేర్లకు పిలుపులు తగ్గాయి. దరఖాస్తు చదివే మనిషి చెడ్డవాడు కానక్కర్లేదు. గుట్టగా ఉన్న ఫారాలను త్వరగా తగ్గించాలి, పేరో ఊరో చూడగానే చెయ్యి దానంతట అదే పక్కకు పోతుంది. మన డ్రైవ్‌లో జరిగింది కూడా అదే అనుకుంటున్నాను.

దీనికి ఇంకో ముఖం కూడా ఉంది. అమెరికాలో వందేళ్ళకు పైబడిన జనగణన రికార్డులను, ఆదాయ లెక్కలను జోడించి చూసిన ఆర్థికశాస్త్రవేత్తలు, ఒకే స్థాయి ఆదాయమున్న ఇళ్ళలో పెరిగిన పిల్లల్ని పోల్చారు. దాదాపు ఏ దేశం నుంచి వచ్చిన కుటుంబమైనా సరే, వలస వచ్చినవాళ్ళ పిల్లలే అక్కడి వాళ్ళ పిల్లలకంటే పైకి వచ్చారు. తల్లిదండ్రులు పని దొరికే చోటు వెతుక్కుని వెళ్ళడం దానికి ఒక పెద్ద కారణమని తేలింది. అదే జర్మనీలో 1961 ఒప్పందంతో టర్కీ నుంచి కార్మికుల్ని రప్పించుకున్నారు గానీ, వాళ్ళ పిల్లలను ఏళ్ళ తరబడి విదేశీయులుగానే చూశారు. అక్కడ పుట్టిన పిల్లలకు పుట్టుకతో పౌరసత్వం దొరికే దారి 2000లో గానీ తెరుచుకోలేదు. పదేళ్ళ వయసుకే పిల్లల్ని పై చదువు బడులకు, పనిబడులకు విడగొట్టే పద్ధతి కూడా వాళ్ళను వెనక్కి నెట్టింది. కోవిడ్ టీకా తయారుచేసిన బయోఎన్‌టెక్ వ్యవస్థాపకుల్లో ఒకరైన ఉగుర్ షాహిన్ నాలుగేళ్ళ వయసులో టర్కీ నుంచి వచ్చిన పిల్లాడు. తండ్రి కొలోన్‌లో ఫోర్డ్ ఫ్యాక్టరీలో కార్మికుడు. మా పిల్లలంతా అంతటివాళ్ళు అవుతారని చెప్పడానికి కాదు ఇది రాసింది. ఫ్యాక్టరీ కార్మికుడి కొడుకు ఫారం మన చేతికి వచ్చినప్పుడు, అతనేమవుతాడో మనకు తెలియదు కదా అని.

ఇక మనవాళ్ళ సంగతి. పీలేరు, రాయచోటి వైపు నుంచి కువైట్ పోయినవాళ్ళ పిల్లలు అక్కడే పుట్టి పెరిగినా అక్కడి పౌరులు కారు. అమెరికాలో హెచ్-1బీ మీద ఉన్నవాళ్ళ పిల్లలకు 21 ఏళ్ళు నిండగానే తల్లిదండ్రుల మీద ఆధారపడిన వీసా పోతుంది. పాలు తాగే వయసులో వెళ్ళిన పిల్లలు కూడా ఆ దేశంలో ఉండడానికి కొత్త కాగితం వెతుక్కోవాలి. తిరుపతిలో ఈ టెన్షన్ లేని అపార్ట్‌మెంట్ లేదు. 2024 జులైలో కర్ణాటక ప్రభుత్వం ప్రైవేటు కంపెనీల్లో స్థానికులకు కోటా పెడుతూ బిల్లు తెచ్చి, తర్వాత పక్కన పెట్టింది. ఆ రెండు మూడు రోజులూ కుప్పం, పలమనేరు వైపు ఎన్ని ఫోన్లు మోగాయో నాకు తెలుసు. నా బంధువులే ఉన్నారు కర్ణాటకలో. అక్కడి మన పిల్లల కోసం మనం ఏం కోరుకున్నామో, జీవకోనలో ఉన్న ఒడియా తల్లి తన కొడుక్కి అదే కోరుకుంటోంది.

నేపాలీ కుటుంబాల పిల్లల గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ తెలియకపోవడం వల్లే పని చెడుతోంది. 1987 జులై 1 తర్వాత మన దేశంలో పుట్టినా, తల్లిదండ్రుల్లో కనీసం ఒకరు భారత పౌరులు కాకపోతే పుట్టుకతో పౌరసత్వం రాదు. కాబట్టి తల్లీ తండ్రీ నేపాలీలైతే, తిరుపతిలో పుట్టి తెలుగే మాట్లాడే అమ్మాయి కూడా కాగితం మీద నేపాల్ మనిషే. ప్రభుత్వ ఉద్యోగాల నియమాలు వేరు. కానీ ప్రైవేటు కంపెనీలో చేరడానికి ఆ అమ్మాయికి వర్క్ వీసా అక్కర్లేదు. 1950 నాటి భారత్-నేపాల్ ఒప్పందం ఆ దారి ఇచ్చింది. పీఎఫ్ స్కీంలో కూడా నేపాల్ వాళ్ళను అంతర్జాతీయ కార్మికులుగా లెక్కించరు, భారతీయ కార్మికులుగానే చూస్తారు. ‘విదేశీయులను తీసుకుంటే మాకు కంప్లయన్స్ సమస్య’ అని ఇంటర్ ప్యాసైన ఒక పిల్లను గేటు దగ్గర నుంచే పంపించిన సంగతి నాకు తెలుసు. ఎలక్ట్రానిక్స్ అసెంబ్లీ లైన్ల మీద ఆడపిల్లలు కావాలని వెతుకుతున్న రోజుల్లోనే ఇది జరిగింది. దయచేసి మీ పీఎఫ్ చూసే వాళ్ళను ఒకసారి అడగండి.

కులం సర్టిఫికెట్ల చిక్కు మీ చేతిలో లేదు, క్లుప్తంగా చెబుతాను. ఎస్సీ, ఎస్టీ జాబితాలు రాష్ట్రానికొకటి. వేరే రాష్ట్రం నుంచి వచ్చిన కుటుంబానికి ఇక్కడి రాష్ట్ర రిజర్వేషన్ వర్తించదని సుప్రీంకోర్టు 1990లోనే చెప్పింది. అంటే ఒడిశాలో ఎస్టీ అయిన తండ్రి కొడుకు ఇక్కడ రాష్ట్ర ఉద్యోగాల్లో ఓపెన్‌లో పోటీ పడాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు కావలసిన కులం, నివాసం, ఆదాయం కాగితాలకు సచివాలయం చుట్టూ తిరిగి విసిగి, ఇంటర్‌తో ఆపేసేవాళ్ళు ఎక్కువ. ప్రభుత్వ ఉద్యోగం దారి ఇంత ఇరుకైనప్పుడు, ఈ పిల్లలకు మిగిలిన పెద్ద దారి మీ కంపెనీలే.

ఆ దారిలోకి రావడానికి కూడా మన దగ్గర ఎక్కువగా పనిచేసేది తెలిసినవాళ్ళ మాట. ‘మావాడే, కాస్త చూడండి’ అని చెప్పే పెద్దమనిషి ఉండాలి. సూపర్‌వైజర్ మేనమామ అవుతాడు, లేదా ఊరి సర్పంచ్‌కు మీ అడ్మిన్ మేనేజర్ తెలుసు. వలస కుటుంబానికి తెలిసినవాళ్ళంతా తండ్రితో పాటు అదే పని చేసేవాళ్ళు. సెంట్రింగ్ మేస్త్రి తన దగ్గర పని ఇప్పించగలడు, మీ దగ్గర కాదు. అందుకే ఫిట్టర్ సర్టిఫికెట్ ఉన్న కొడుకు కూడా తండ్రితో పాటు సెంట్రింగ్‌కే పోతున్నాడు. నేను చెప్పిన అబ్బాయి ఇప్పుడు చేస్తున్నది అదే. రెండేళ్ళ చదువు, ఆ చెయ్యి, ఆ ఓపిక, అన్నీ స్లాబు కింద కర్రలు నిలబెట్టడానికి పోతున్నాయి.

మీరు చేయగలిగినది చాలా ఉంది, ఖర్చు లేనిది కూడా. దరఖాస్తు ఫారంలో తండ్రి స్వస్థలం, మాతృభాష అన్న గడులు తీసేయండి. పోలీస్ వెరిఫికేషన్‌కు చిరునామా కావాలంటే ఎంపికైన తర్వాత తీసుకోండి. లోకల్ అని రాసుకోవాలంటే పదో తరగతి స్టడీ సర్టిఫికెట్లు చూసి రాసుకోండి, ప్రభుత్వం చూసేదీ అవే కదా. కాంట్రాక్టర్లకు నేను చెప్పేది ఒక్కటే. ట్రేడ్ సర్టిఫికెట్ ఉన్న పిల్లాడిని లోడింగ్‌కు పంపి హెల్పర్ కింద చూపించకండి. మీ రిజిస్టర్‌లో వాడు ఫిట్టర్ అని పడితేనే రేపు ఇంకో చోట అనుభవం అని చూపించుకోగలడు.

అన్నిటికంటే ముఖ్యం అప్రెంటిస్‌షిప్. 30 మంది, అంతకు పైబడి పనిచేసేవాళ్ళున్న సంస్థలు అప్రెంటిస్‌లను తీసుకోవడం తప్పనిసరి, మొత్తం సిబ్బందిలో రెండున్నర నుంచి 15 శాతం దాకా. ఇది మీరు ఎలాగూ చేయాల్సిన పని. ఆ సీట్లను కాంట్రాక్టర్ల ద్వారా కాకుండా, తెలిసినవాళ్ళ ఫోన్ల మీద కాకుండా, ట్రేడ్ టెస్ట్ పెట్టి నింపండి. సిఫారసు లేని పిల్లలకు మీ ఫ్లోర్ మీద కాలు పెట్టడానికి అంతకంటే సూటి దారి లేదు. ఏడాది పాటు మీ మెషీన్ల మీద పనిచేసిన పిల్లాడి గురించి మీకు తెలిసినంత, ఏ ఫారం చదివినా తెలియదు.

ఈ బ్యాచ్ పరీక్షలు దగ్గరికొస్తున్నాయి. డ్రైవ్‌కు వచ్చేవాళ్ళు ఈసారి ఇంటర్వ్యూ గదికి కాకుండా ముందు మా వర్క్‌షాప్‌కు రండి. ముక్కలు, ఫైళ్ళు, వెర్నియర్లు మేము సిద్ధం చేస్తాం, డ్రాయింగ్ మీరే తెచ్చుకోండి. పేర్లు లేకుండా నంబర్లు వేసి పనులు మీ ముందు పెడతాం. ఎంచుకున్నాక ఫారాలు చూడండి. ఇలా చేయడానికి ఒప్పుకున్న కంపెనీలకు డ్రైవ్ తేదీల్లో మొదటి అవకాశం ఇవ్వమని మా ప్రిన్సిపల్ గారిని నేనే అడుగుతాను.

ఇట్లు,
ఒక ఐటీఐ ఫిట్టర్ ఇన్‌స్ట్రక్టర్,
తిరుపతి